గంటకెన్ని గొడుగులు

మా గొడుగుల షెడ్డులో నన్ను అందరూ తొందరమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, నేనూ పలుకుతాను. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టమే. నెమ్మదిగా పనిచేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టీ గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ కూర్చునేవాళ్ళు, ఏదడిగినా "చూద్దాంలే" అనేవాళ్ళు నాకు బొత్తిగా పడరు. అలాంటి నాకు దేవుడు ఎలాంటి మావగారిని ఇచ్చాడయ్యా అంటే, గొడుగు తెరిచే ముందు దాన్ని కుశలప్రశ్నలడిగే మనిషిని.

షెడ్డులో పని ఒక వరసలో సాగుతుంది. కత్తెర వదిన బట్టని ఎనిమిది ముక్కలుగా కోస్తుంది. నేను ఆ ఎనిమిదీ మిషను మీద కలిపి కుడతాను. పిడి అన్న దాన్ని ఊచలకు బిగించి, కాడకు పిడి తొడుగుతాడు. చివర్లో కిటికీ పక్కన ఆఖరి బల్ల. అక్కడ మా మావయ్య కూర్చుని ఒక్కో గొడుగూ తెరిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మూసి, పెట్టెలో పెడతారు. కుట్టు బాగాలేని గొడుగుని తిరిగి నా మిషను దగ్గరికి పంపాలి, గోడకు వేలాడే పుస్తకంలో నా పేరు కింద ఒక గీత గీయాలి. అది షెడ్డు పద్ధతి. మావయ్య వచ్చిన ఈ నాలుగేళ్ళలో నా పేరు కింద ఒక్క గీత లేదు. ఈ సంగతి నేను రోజుకోసారైనా ఎవరో ఒకరికి గుర్తుచేసేదాన్ని. మర్చిపోతారేమోనని.

మావయ్య ఒకప్పుడు గుడారాలు కుట్టేవారు. చాలాకాలం కిందటే మానేశారు. నాలుగేళ్ళ కిందట మా అత్తయ్య పోయారు. చిన్నప్పుడే అమ్మ పోయిన నాకు అమ్మంటే ఏమిటో పెళ్ళయ్యాక తెలిసింది ఆవిడ వల్లే. ఆవిడ పోయాక మావయ్య నెల్లాళ్ళు ముందుగదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మా ఆయన బస్సు డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఒకరోజు నేనే మావయ్య చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకొచ్చాను. యజమాని కాళ్ళావేళ్ళా పడి ఆఖరి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆ బల్లే ఆయన్ని బతికించిందని నా నమ్మకం. ఆ బల్ల పోతే మళ్ళీ ఆ గోడే గతి అని నా భయం.

ఇలా ఉండగా మా షెడ్డులోకి నిమిషాలాయన అడుగుపెట్టాడు.

ఆయన మా యజమానికి బావమరిది. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడు. మెడలో టైమరు, చంకలో తెల్లబోర్డు. వచ్చిన రోజే బోర్డుని గోడకు తగిలించి, మా అందరి పనులూ వరసగా రాసి, ఎవరికి ఎంతసేపు పడుతోందో కొలవడం మొదలుపెట్టాడు. కత్తెర వదిన తుమ్మితే ఆ రెండు సెకన్లు తీసేయాలా ఉంచాలా అని కాసేపు ఆలోచించాడు కూడా. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం. లెక్క తప్పితే ఒప్పుకునే రకం. కాకపోతే లెక్కకు అందనిది లోకంలో ఉందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"షాపులవాళ్ళు సరుకు ఆలస్యమవుతోందంటున్నారు" అన్నాడు మమ్మల్నందర్నీ నిలబెట్టి. "రెండు వారాలు కొలుస్తాను. ఎక్కడ ఆగిపోతోందో తేలుతుంది. వరసలో అన్నిటికంటే అడుగున ఉన్న సీటు తీసేసి, ఆ పని మిగతావాళ్ళకి పంచుతాం. ఎవరిమీదా కోపంతో కాదు."

"కోపం లేకుండా తీసేస్తే కడుపు నిండుతుందా బాబూ?" అంది కత్తెర వదిన. ఆయన ఆ ప్రశ్నను బోర్డు మీద ఎక్కడ రాయాలో తెలియక ఊరుకున్నాడు.

నాకు మాత్రం భయం లేదు. నా పేరు పక్కన ఏ అంకె పడుతుందో చూడాలని పండగ్గా ఉంది. మామూలుగా రోజుకు నలభై ఎనిమిది కుట్టే నేను, వెనకాల టైమరు పట్టుకున్న మనిషి నిలబడేసరికి రెచ్చిపోయాను. మొదటిరోజు యాభై ఐదు. మూడోరోజుకు అరవై. నా మిషను చప్పుడుకు పిడి అన్న చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

"ఇంత వేగంగా కుడుతున్నారు, తప్పులు రావా?" అని అడిగాడు నిమిషాలాయన.

"ఆ పుస్తకం చూసుకోండి" అన్నాను గోడవైపు గడ్డం ఎత్తి. "నాలుగేళ్ళలో నా గొడుగు ఒక్కటి వెనక్కొస్తే చెప్పండి."

ఆయన పుస్తకం తిరగేశాడు. నావైపు భక్తిగా చూశాడు. మావయ్య దగ్గారు. అప్పుడు నాకది దగ్గులాగే వినిపించింది.

వారం తిరిగేసరికి ఆఖరి బల్ల ముందు గొడుగులు గుట్టపడ్డాయి. నేను అరవై కుడితే మావయ్య చూసి పంపేవి నలభై. మామూలు రోజుల్లో సాయంత్రం ఒక అరగంట ఎక్కువ కూర్చుని ఆ రోజుది ఆ రోజు తెమిల్చేసేవారు. ఈ వారం రెండేసి గంటలు కూర్చున్నా గుట్ట తరగలేదు. శనివారం నిమిషాలాయన బోర్డు మీద నా పేరు పైన ఆకుపచ్చ రంగులో రాశాడు. అట్టడుగున ఎర్రరంగులో ఆఖరి బల్ల అని రాసి, దాని చుట్టూ ఒక గుండ్రం కూడా చుట్టాడు.

ఆకుపచ్చ చూసి మురిసిపోయే లోపలే ఎరుపు కనబడింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మావయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఇంకాస్త ఉప్పుందా అమ్మా?" అన్నారు.

సోమవారం టీ టైములో కత్తెర వదిననీ పిడి అన్ననీ షెడ్డు వెనక్కి పిలిచాను.

"ఈ వారం అందరం నెమ్మదిగా చెయ్యాలి" అన్నాను. "నేను తక్కువ కుడితే ఆయన ముందు గుట్ట ఉండదు. గుట్ట లేకపోతే గుండ్రం ఉండదు."

పిడి అన్న నా మొహంలోకి పరీక్షగా చూశాడు. "నెమ్మదిగా చెయ్యమని నువ్వు చెబుతున్నావా? ఒంట్లో బాగానే ఉందా?"

"పెద్దాయన సీటు పోతుందన్నా."

"అది సరే. నీవల్ల అవుతుందా అని."

వదిన నవ్వుతూ నా భుజం తట్టింది. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని నీకు నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఇవాళ్టికి చెవికెక్కింది. సరే, పెద్దాయన కోసం నా కత్తెర కూడా కాస్త మొద్దుబారుతుందిలే."

నెమ్మదిగా పనిచెయ్యడం ఎంత కష్టమో ఆ వారం తెలిసింది. వదిన అరగంటకోసారి కత్తెర సానపట్టింది. పిడి అన్న ఒక్కో పిడికీ తన చిన్నప్పటి కథ ఒకటి చెప్పాడు. అంత బాల్యం ఎవరికైనా ఉంటుందా అని నాకు అనుమానం వచ్చింది. ఇక నేను. ఒక ముక్క కుట్టి పది లెక్కపెట్టేదాన్ని. మంచినీళ్ళు తాగేదాన్ని. అయినా చెయ్యి ఊరుకోదు, కాలు పెడలు మీద దానంతటదే నొక్కుకుంటుంది. చివరికి వేరే దారిలేక కుట్టుని చూస్తూ కుట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది ముక్కలూ ఒకచోట కలిసే నడినెత్తి దగ్గర బట్ట మందంగా ఉంటుంది. అక్కడ సూది కాస్త మొరాయిస్తుంది. చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టూ వేస్తే సరిగ్గా పడుతుంది. మిషను నేర్చుకునేటప్పుడు అలాగే చేసేదాన్ని, తర్వాత ఎప్పుడో మానేశాను.

రోజుకు ముప్ఫై ఎనిమిదికి దిగాను. పాత గుట్ట మంగళవారానికే మాయమైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బుధవారం మధ్యాహ్నం తలెత్తి చూస్తే మావయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తున్నారు.

ఇల్లు, ముందుగది, ఆ నెల్లాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇంతలో పిడి అన్న దగ్గర్నుంచి ఒక గొడుగు వచ్చింది. మావయ్య తెరిచారు, చూశారు, మూశారు, పెట్టెలో పెట్టారు. మూడంటే మూడు నిమిషాలు. మళ్ళీ గోడ. నిమిషాలాయన పక్కనే నిలబడి రాసుకుంటున్నాడు. సాయంత్రం బోర్డు మీద ఎర్రరంగులో ఇలా పడింది: ఆఖరి బల్ల, పది నిమిషాల్లో ఏడు నిమిషాలు ఖాళీ.

"దీనికి ప్రత్యేకంగా ఒక మనిషి అక్కర్లేదనుకుంటాను" అన్నాడు ఆయన, బాధగానే. "పిడి పెట్టే ఆయనే తెరిచి చూసేసుకోవచ్చు. శనివారం బావగారికి చెప్పేస్తాను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. గబగబా ఆఖరి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఏంటి మావయ్యా ఇది?" అన్నాను గొంతు తగ్గించి. "మొన్నటిదాకా ఒక్కోదానికి పన్నెండేసి నిమిషాలు తీసుకున్నారు కదా. ఇప్పుడేమొచ్చింది ఈ తొందర? కాస్త మెల్లిగా చూడకూడదూ?"

"చూడ్డానికి ఎంతసేపమ్మా?" అన్నారు ఆయన. "కుట్టడానికే అంత టైము పట్టేది."

"ఏం కుట్టడం?"

మావయ్య మొహం తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. కిటికీలోంచి బయటకు చూడసాగారు. నేను బల్ల సొరుగు లాగాను. అందులో ఒక లావుపాటి సూది, మైనం పట్టించిన దారపు ఉండ, కోసిపారేసిన దారం ముక్కలు దోసెడు ఉన్నాయి.

సరుకు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పోయిన వారం పెట్టె ఒకటి విప్పి గొడుగు తెరిచాను. నడినెత్తి దగ్గర, లోపలివైపు, మిషను కుట్టు మూడుచోట్ల జారిపోయి ఉంది. దానిమీద చేతికుట్టు. చీమల బారులా సన్నగా, గట్టిగా, గుడారాలు కుట్టేవాళ్ళు వేసే కుట్టు. ఇంకోటి తెరిచాను. అదీ అంతే. ఇరవై తెరిచాను. పదమూడింటికి మావయ్య కుట్టు ఉంది. ఆ పదమూడూ వానలో వేసుకుంటే సరిగ్గా మనిషి నడినెత్తినే నీళ్ళు కారేవి. నేను రోజుకు అరవై కుట్టిన ఆకుపచ్చ వారం అది.

తెరిచిన గొడుగుల మధ్య నేల మీద కూలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాలుగేళ్ళుగా గోడమీది పుస్తకం చూపించి ఊళ్ళో ప్రతివాళ్ళకీ గొప్పలు చెప్పుకున్నాను. ఆయన పక్కనే కూర్చుని విన్నారు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి పంపలేదు, ఒక్క గీత గీయలేదు. నా తప్పులన్నీ తన చేతుల్లోకి తీసుకుని నెమ్మది మనిషి అనిపించుకున్నారు.

అక్కడ ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు? ఈ సంగతి చెబితే బోర్డు తలకిందులవుతుంది. అట్టడుగున నా పేరు పడుతుంది, నా సీటు పోతుంది. చెప్పకపోతే మావయ్యది పోతుంది. ఒక పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు మూసుకున్నది అదే మొదలు.

శనివారం యజమాని వచ్చారు. నిమిషాలాయన బోర్డు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచే లోపు నేను లేచాను. ఒక చేతిలో ఆకుపచ్చ వారం నాటి గొడుగు, ఇంకో చేతిలో చిన్న కత్తెర. అందరూ చూస్తుండగా మావయ్య వేసిన చేతికుట్టు తెంపేశాను. గొడుగు తెరిచి నిమిషాలాయన చేతికిచ్చి, నీళ్ళ చెంబు తీసుకుని పైనుంచి పోశాను. మొదటి చుక్క ఆయన ముక్కు మీద పడింది.

"ఇది నేను కుట్టింది" అన్నాను. "ఆ వారం నావి ఇరవై చూస్తే పదమూడు ఇలాగే ఉన్నాయి. ఆయన అన్నీ చేత్తో కుట్టి పెట్టెలో పెట్టారు. నేను వేగంగా కుట్టినకొద్దీ ఆయనకి ఆలస్యమయ్యేది. ఈ వారం నేను కావాలనే నెమ్మదిగా కుట్టాను, ఆయనకి పని లేకుండాపోయింది. గంటకెన్ని అని రాశారు కదా. అందులో కారనివి ఎన్నో రాయండి. అప్పుడు ఎర్రరంగు ఎవరికి పడుతుందో వాళ్ళనే పంపించండి."

నిమిషాలాయన ముక్కు తుడుచుకుని, టైమరు మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, స్టూలు ఒకటి లాక్కుని మావయ్య ఎదురుగా కూర్చున్నాడు. రెండు వారాల్లో ఆయన కూర్చోగా చూడటం అదే మొదలు.

"రోజుకు ఎన్ని సరిచేసేవారండీ?"

"లెక్కపెట్టలేదు బాబూ. ఇంట్లోవాళ్ళు తినే ముద్దలు లెక్కపెడతామా?"

"పద్ధతి ప్రకారం వెనక్కి పంపితే సరిపోయేది కదా. మీకెందుకు శ్రమ?"

"పంపితే ఊరుకుంటుందా మా కోడలు? దాన్ని విప్పి కుడుతూ మిగతావాటిని ఇంకా తొందరగా లాగేస్తుంది. అవి ఇంకా చెడతాయి." మావయ్య నావైపు చూసి నవ్వారు. "మీరు టైమరుతో కనిపెట్టింది నేను కోడలి మిషను చప్పుడు విని కనిపెట్టాను. అంతే తేడా."

నిమిషాలాయన లేచి బోర్డు మీద నా పేరూ ఆఖరి బల్లా రెండూ తుడిచేశాడు.

"బావగారూ, నా లెక్క తప్పింది" అన్నాడు. "వీళ్ళిద్దరిదీ వేరు వేరు పనని కొలిచాను. కాదు, ఇద్దరిదీ కలిపి ఒకటే పని. ఆఖరి బల్ల అక్కడ కిటికీ దగ్గర కాదు, ఈవిడ మిషను పక్కన ఉండాలి. నడినెత్తి కుట్టు ఊచలకు ఎక్కకముందే చూసుకుంటే సగం తిప్పలు ఉండవు."

"అయితే ఎవర్నీ తియ్యక్కర్లేదా?" అన్నారు యజమాని.

"తీస్తే ఇంకో ఇద్దరు కావాలి."

ఆయన మళ్ళీ మావయ్య వైపు తిరిగాడు. "మీకు ఇష్టమేనా ఇక్కడ ఉండటం? అసలు మిమ్మల్ని అడగలేదు."

"కోడలు నెమ్మదిగా కుట్టడం నేర్చుకునేదాకా ఉంటాను బాబూ."

"ఇంకేం, శాశ్వతంగా ఉంటారు" అన్నాడు పిడి అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు బదులు ఏడుపొచ్చింది. వదిన తన పైట చెంగుతో నా మొహం తుడిచి, మిషను మీద నీళ్ళు పడకుండా చూడమంది.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నాం. అలవాటు ప్రకారం నేను పది అడుగులు ముందున్నాను. వీధి మలుపులో ఆగి వెనక్కి తిరిగాను.

"ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదా మావయ్యా. నాలుగేళ్ళు అందరి ముందూ వాగుతూనే ఉన్నాను. మిమ్మల్ని ఆ గోడ దగ్గర్నుంచి లేపి తీసుకొచ్చింది నేనేనని కూడా చెప్పుకున్నాను."

"చెప్పుకోనీలే అనుకున్నాను. నీకదో ధైర్యం."

"అంటే?"

ఆయన మెల్లిగా వచ్చి నా పక్కన నిలబడ్డారు. కాస్త ఆయాసం తీర్చుకున్నారు.

"నేను గోడకేసి చూస్తూ మీ అత్తయ్యని తలుచుకునేవాణ్ణి అమ్మా. ఏడుపొస్తే ఏడ్చేవాణ్ణి. నువ్వు ఏడవలేదు. ఆవిడ పోయిన వారానికల్లా మిషనెక్కావు. ఇంట్లోనూ పరుగే, వీధిలోనూ పరుగే, నిద్రలో కూడా కాళ్ళు కదిపేదానివని అబ్బాయి చెప్పాడు. ఈ పిల్ల ఎక్కడో పడిపోతుంది, వెనకాల ఒక మనిషి ఉండాలి అనుకున్నాను. అప్పుడే నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని రమ్మన్నావు. వచ్చాను."

అక్కడ మూసేసిన కొట్టు ముందు రెండు మెట్లున్నాయి. వెళ్ళి వాటిమీద కూర్చున్నాను. నాలుగేళ్ళుగా అత్తయ్య పేరెత్తితే ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోయేదాన్ని. ఆ సాయంత్రం ఏ పనీ గుర్తుకు రాలేదు. మావయ్య నా పక్కన కూర్చుని, ఆవిడ పసుపు రాసిన గడప దాటి మా ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన నాటి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఏ సంగతైనా ఎంత నిదానంగా చెబుతారో మీకు తెలుసు కదా. నేను మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాను.